వివరము: అమ్మ ఫోన్ ఎత్తినది

మా షాపు బోర్డు మీద నాలుగే మాటలు: ఎస్టీడీ, ఐఎస్‌డీ, జిరాక్స్, డీటీపీ. మొదటి మూడింటి కోసం జనం వచ్చేవాళ్ళు. నాలుగోది నేను.

కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర ఒక సందులో ఉండేది ఆ షాపు. కింద షాపు, పైన ఓనరు ఇల్లు. ఓనర్ని అందరూ అన్న అనే పిలిచేవాళ్ళు, నేనూ అంతే. 1998లో డిగ్రీలో ఒక పేపరు వెనక పెట్టుకుని పనిలో చేరాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బోరుబావుల వాళ్ళ క్యాలెండర్లు. ఒక రంగు పనైతే ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి పక్క వీధిలోని ప్రెస్సుకి ఇచ్చేస్తే అయిపోయేది. నాలుగు రంగుల పని వస్తే మాత్రం అచ్చుకి కావలసిన ఫిల్ములు హైదరాబాద్‌లో తీయించాలి. అన్నకి నమ్మకమైన షాపు లక్డీకాపూల్‌లో ఉండేది. 1953లో వచ్చిన రాజధాని ముచ్చట మూడేళ్ళకే తీరినప్పటి నుంచి మా ఊరి కాగితాలన్నీ హైదరాబాద్ దారే పట్టాయి కదా, మా ఫైళ్ళు కూడా ఆ దారిలోనే పోయేవి.

మొదట్లో బస్సులో పోయేవి. ఫైలుని ముక్కలు చేసి ఐదారు ఫ్లాపీల్లోకి ఎక్కించి, కవర్లో పెట్టి, రాత్రి బస్సు డ్రైవర్ చేతిలో పెట్టేవాళ్ళం. 210 కిలోమీటర్లు, ఐదు గంటలు. పొద్దున అక్కడ ఫిల్ముల షాపు కుర్రాడు బస్టాండుకి వచ్చి తీసుకునేవాడు. అతనిది నంద్యాల, నన్ను బావా అనేవాడు. పదిన్నరకి ఫోన్ వచ్చేది: "బావా, నాలుగో ఫ్లాపీ చదవడంలేదు." ముక్కలు చేసిన ఫైల్లో ఒక్క ముక్క పోయినా మిగతా ఐదూ దండగే. ఇంకో రాత్రి, ఇంకో బస్సు. పెళ్ళివాళ్ళు షాపు మెట్ల మీద కూర్చునేవాళ్ళు.

దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న మొదలైందని పేపర్లో చదివాంగానీ, అది మా సందులోకి ఇంకా రాలేదు. నంద్యాల బావ ఒక ఉపాయం చెప్పాడు. ఇంటర్నెట్ ఎందుకు, కంప్యూటర్‌ని ఫోను లైనుకి కలిపే మోడెం ఇక్కడొకటి, అక్కడొకటి ఉంటే చాలు, నేరుగా ఫోన్ చేసి ఫైలు పంపొచ్చు. దానికి కావలసిన ప్రోగ్రాం, హైపర్‌టెర్మినల్, అప్పట్లో విండోస్‌తోపాటే ఉచితంగా వచ్చేది. అన్న రెండు రోజులు ఆలోచించి, నన్ను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు, సీటీసీకి పంపాడు. రెండు మోడెంలు తెచ్చాను. డబ్బా మీద పెద్దక్షరాలతో 56కె అని ఉంది, అంటే సెకనుకి 56,000 బిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు).

ఆ 56 మాకు ఒక్కరోజు కూడా కనపడలేదు. 33,600 దాటితే ఒట్టు. నేను మోసపోయి వచ్చానని అన్న వారం రోజులు అనుమానపడ్డాడు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఫోను తీగలో పోయేది మాట లాంటి శబ్దం. ఎక్స్ఛేంజిలో దాన్ని సెకనుకి 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ మార్చడంలో కొంచెం తేడా పడుతుంది, అదే రొదలాగా అడ్డం వస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ వైపు నేరుగా అంకెల లైనే ఉంటుంది కాబట్టి, అక్కడి నుంచి మనవైపు వచ్చేటప్పుడు ఈ మార్పిడి ఉండదు. 56 వచ్చేది ఆ ఒక్క దిక్కులోనే. మా రెండు షాపుల వైపూ మామూలు ఫోను తీగలే. అలాంటప్పుడు లక్ష పెట్టి కొన్నా 33,600 పైన రాదు. ఇది అన్నకి చెప్తే, "అయితే డబ్బా మీద ఎందుకు రాసినారప్పా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొదటి రాత్రి మర్చిపోలేను. ఎస్టీడీకి, అంటే వేరే ఊళ్ళకి చేసే ఫోనుకి, అప్పట్లో రాత్రి 11 దాటితే పావు ఛార్జీయే. కాబట్టి 11కే పంపుదాం అనుకున్నాం. ఊళ్ళో వాళ్ళందరూ కూడా సరిగ్గా అదే అనుకుంటారన్నది మాకు తట్టలేదు. 10:45కే బూత్ ముందు క్యూ. దుబాయ్‌లో కొడుకున్న తల్లి, బెంగళూరులో చదివే పిల్ల తండ్రి, ఎవరితో మాట్లాడతాడో చెప్పని ఒక లెక్చరర్. అందరూ అయ్యేసరికి పన్నెండున్నర. అప్పుడు బూత్ లైనుకి మోడెం తగిలించాం. కీచుమని, గరగరమని, బుస్సుమని కలిసింది. 24,000. ఫైలు రెండు మెగాబైట్లకి కొంచెం తక్కువ. కాల్ ఖర్చు చూపే మీటరు పెట్టెలో ఎర్ర అంకెలు పెరుగుతున్నాయి, స్క్రీన్ మీద నీలం గీత మాత్రం కదలడంలేదు. ముప్పావుగంటకి సగం దాటింది, అప్పుడు లైను తెగింది. మళ్ళీ మొదటి నుంచి. అన్న ఎర్ర అంకెల వైపు చూసి, షట్టర్ దించేసి, ఒక్కమాట కూడా మాట్లాడకుండా పైకి వెళ్ళిపోయాడు.

తప్పు మాదే. బావ అటువైపు ఎక్స్‌మోడెం పెట్టుకున్నాడు, ఫైలు పంపే పద్ధతుల లిస్టులో ఎక్స్ అన్న అక్షరం గంభీరంగా కనపడిందని. అది 1977 నాటి పద్ధతి. 128 బైట్లు పంపుతుంది, ఆగుతుంది, అవతలివాడు "అందింది" అనేదాకా ఎదురుచూస్తుంది, మళ్ళీ 128. ఒక్కో ఇడ్లీ తెచ్చి, అది తిన్నాక వంటింట్లోకి వెళ్ళి ఇంకోటి తెచ్చే సర్వర్ లాంటిది. జెడ్‌మోడెం అలా కాదు. ఆగకుండా పంపుతూనే ఉంటుంది, అవతలివాడు "ఫలానా చోట చెడింది" అంటేనే వెనక్కి వస్తుంది. అంతకన్నా ముఖ్యం, లైను తెగితే మళ్ళీ కలిసినప్పుడు ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. ఈ ఒక్క సంగతి మాకు తెలిసిన రోజు నుంచి అన్న మళ్ళీ నాతో మాట్లాడాడు.

అయితే బూత్ లైనుతో రెండు ఇబ్బందులు. ఒకటి క్యూ. రెండోది ఆ మీటరు పెట్టె. తీగ దాని గుండా పోయి రావడంతో వేగం పడిపోతున్నట్టు నాకు అనుమానం. అన్న ఇంటి ఫోను పైన ఉంది, దానికీ ఎస్టీడీ ఉంది. కింద షాపులోకి దానికో పారలల్ తీగ లాగాం. అదే రాత్రి 28,800 కలిసింది. కానీ ఇంటి ఫోనుకి మీటరు ఉండదు, బిల్లు రెండు నెలలకి గానీ రాదు. ఎంత కాలుతోందో తెలియకపోతే అన్నకి నిద్ర పట్టదు. అలా పుట్టింది పద్దు పుస్తకం.

పొడుగాటి అట్ట పుస్తకం, ఎర్ర గుడ్డ అంచు. తేది, ఫైలు, సైజు, కలిసిన వేగం, నిమిషాలు నేను బాల్ పెన్నుతో రాసేవాణ్ణి. రూపాయలు, చివరి గడి "వివరము" అన్న రాసేవాడు, ఇంకు పెన్నుతో. వివరము అంటే ఆ రాత్రి ఏం తేడా వచ్చిందో ఒక ముక్క. "వాన." "ట్యూబ్‌లైటు." "కరెంటు పోయినది." అన్న రాత ఎప్పుడూ గ్రాంథికమే, మాట మాత్రం మా కర్నూలు మాట.

నిజం చెప్పాలంటే మోడెం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ చివరి గడి నుంచే. వారం వరసగా 21,600 పడితే, ఏం మారిందని వెనక్కి తిప్పి చూసేవాళ్ళం. ట్యూబ్‌లైటు సంగతి అలాగే దొరికింది. పైనుంచి దించిన తీగని అందంగా ఉంటుందని ట్యూబ్‌లైటు పట్టీ పక్కనే మేకులు కొట్టి లాగాను. చోక్ రొద అంతా తీగలోకి. రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా జుమ్మని వినపడేది. తీగని అటు గోడకి మార్చాక 28,800 మళ్ళీ వచ్చింది, మంచి రాత్రుల్లో 31,200. ఇంకో నెల అకస్మాత్తుగా 19,200. తీగని చేత్తో తడుముకుంటూ పోతే మెట్ల కింద ఎలుక కొరికిన చోటు దొరికింది, రాగి తళతళలాడుతూ. నేను మెలిపెట్టి టేపు చుట్టబోతే, ఫోన్ రిపేరుకి వచ్చిన లైన్‌మన్ ఆపాడు. "అతుకులు పెట్టొద్దు తమ్ముడూ, గోడ మీది ఫోను రోజెట్ నుంచి మోడెం దాకా ఒకే తీగ లాగు. వానొస్తే ఫస్టు తడిసేది అతుకే." ఇరవై రూపాయల తీగ, అర్ధగంట పని. అప్పటిదాకా నేను మోడెంకి పెట్టిన ఏ సెట్టింగూ అంత మేలు చేయలేదు.

సెట్టింగుల పిచ్చి నాకు బాగానే ఉండేది లెండి. మోడెంకి ఏటీతో మొదలయ్యే ఆదేశాలు ఇస్తారు. ఎవరో జిరాక్స్ తీసిచ్చిన కాగితం మీద గజం పొడవున్న ఆదేశం ఒకటి ఉండేది. అది పెడితే మోడెం రెక్కలు కట్టుకుని ఎగురుతుందని ప్రచారం. పుస్తకంలో చూస్తే దాంతో ఒక్క అంకె కూడా పెరగలేదు. పనికొచ్చినవి రెండే. ఒకటి, పాత 486 కంప్యూటర్లో మోడెం తగిలించే సీరియల్ పోర్టు చిప్పు ఒక్క అక్షరాన్నే పట్టుకోగలదు. కంప్యూటర్ కాస్త ఏమరితే తర్వాతి అక్షరం వచ్చి ముందుదాన్ని తుడిచేస్తుంది, జెడ్‌మోడెం మళ్ళీ పంపించుకోవాలి. 16 అక్షరాలు దాచుకునే 16550 చిప్పున్న కార్డు వేశాక, పోర్టు వేగం 115,200కి పెంచాక తప్పులు దాదాపు ఆగిపోయాయి. రెండోది స్పీకర్ ఆపే ఆదేశం: ఏటీఎం సున్నా. ఇప్పటి పిల్లలకి చెప్తే బ్యాంకు ఖాతా ఖాళీ అనుకుంటారు.

ఆ ఆదేశం పెద్దమ్మ కోసం. అన్న వాళ్ళమ్మని నేను పెద్దమ్మ అనేవాణ్ణి. ఆమెకి నిద్ర తక్కువ. ఎప్పుడో ఓ రాత్రి పైన ఫోన్ "టింగ్" మన్న చప్పుడు విని రిసీవర్ ఎత్తింది. లైను తెగింది. మెట్ల మీద నుంచి కేకేసింది: "ఏందిరా, ఫోన్లో పాములు బుసకొడుతున్నాయి!" స్పీకర్ ఆపాంగానీ ఫోన్ ఎత్తడం ఆగలేదు. పన్నెండు దాటాక ఆమెకి నంద్యాలలో చెల్లెలు గుర్తొచ్చేది, లేదా ఫోన్ బాగుందో లేదో చూడాలనిపించేది. అన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, రిసీవర్ మీద గుడ్డ కప్పాడు. పైకి పోయే తీగకి స్విచ్చి పెడదామని నేనంటే మాత్రం ఒప్పుకోలేదు. "రాత్రిపూట అమ్మకి ఏమన్నా అయితే?" అన్నాడు. షాపులో నేనుంటాను కదా అంటే, "నువ్వుంటావులేప్పా, చెవులో మోడెం పెట్టుకుని" అన్నాడు. వివరము గడిలో నెలకి రెండుసార్లయినా ఒకే వాక్యం: "అమ్మ ఫోన్ ఎత్తినది."

జెడ్‌మోడెం లేకపోతే ఆమె మమ్మల్ని దివాలా తీయించేది.

28,800 దగ్గర సెకనుకి దాదాపు 3,300 బైట్లు పోయేవి. ఫ్లాపీ నిండుగా ఉంటే ఏడున్నర నిమిషాలు. ఒక రాత్రి గీత కదలడం చూస్తూ చూస్తూ విసుగొచ్చి లెక్క వేశాను. 40 ఫ్లాపీలు బస్సులో వేస్తే ఐదు గంటల్లో హైదరాబాద్ చేరతాయి. 40 ఫ్లాపీల బైట్లని 18,000 సెకన్లతో భాగిస్తే 3,277. అచ్చంగా మా మోడెం వేగమే! పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తింటూ ఇది అన్నకి చెప్పాను. అన్న నవ్వలేదు. "అయితే ఫోటోలు బస్సుకెయ్, అక్షరాలు ఫోనుకెయ్" అన్నాడు.

నేను లెక్క చెప్పి ఊరుకున్నాను, ఆయన దాంతో వ్యాపారం చేశాడు. 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేసిన ఒక ఏ4 ఫోటో 26 మెగాబైట్లు. ఫోన్లో పంపితే రెండు గంటల పైమాటే. కానీ కర్నూల్లో నాయకుల ముఖాలు, పార్టీ గుర్తులు, దేవుళ్ళు ప్రతివారం మారరు. వాటన్నిటినీ ఒకసారి బస్సులో పంపించి, బావ కంప్యూటర్లో అవే పేర్లతో, అదే ఫోల్డర్‌లో పెట్టించాం. ఆ తర్వాత ఫోన్లో పోయేది పేజీ మాత్రమే, బొమ్మల పేర్లతో. తెలుగు ఫాంట్లు కూడా రెండు వైపులా ఒకటే వెర్షన్ ఉండాలి. యూనికోడ్ మా దాకా రాని రోజులు, వెర్షన్ తేడా వస్తే "శుభముహూర్తం" కాస్తా బూతుమాట అయ్యేది. ఒకసారి అయింది కూడా, వివరాలు వద్దు.

1999 సెప్టెంబరులో అసెంబ్లీకి, లోక్‌సభకి కలిపి ఎన్నికలు వచ్చాయి. షాపు అన్నదానం పందిరిలా తయారైంది. పోస్టర్లు, కరపత్రాలు, ప్రతిదీ "రేపటికి". ఒక అభ్యర్థి మనుషులు రాత్రి 11 గంటలకి వచ్చి, పొద్దున ఫిల్ములు పడకపోతే ప్రెస్సు టైము పోతుందన్నారు. నాలుగు పేజీల కరపత్రం. బొమ్మలు బావ దగ్గరే ఉన్నాయి. అయినా పేజ్‌మేకర్ ఫైలు ఐదు మెగాబైట్ల పైన చూపిస్తోంది! అంతా అక్షరాలే కదా, ఏముంది ఇందులో? జిప్ చేసినా మూడున్నర. 26,400 కలిసింది, ఆపైన వాన. ఇరవై నిమిషాల్లో పోవాల్సింది తెగుతూ కలుస్తూ గంట పట్టేలా ఉంది. అభ్యర్థి మనిషి నా కుర్చీ వెనక నిలబడి జర్దా నములుతున్నాడు. టెన్షన్‌తో నా చేతులు చెమట పట్టాయి.

బావే ఫోన్లో అడిగాడు: "ఈ ఫైలుని సేవ్ కొట్టినావా, సేవ్ యాజ్ కొట్టినావా?"

పేజ్‌మేకర్‌లో ఉత్త సేవ్ కొడితే పాత సంగతుల్ని తీసేయదు, కొత్తవాటిని చివర్న అతికిస్తూ పోతుంది. త్వరగా సేవ్ కావాలని అలా పెట్టారు. మేము ఆ ఫైల్లో మూడు రోజులుగా పేర్లు మారుస్తున్నాం, ఫోటోలు పెట్టి తీస్తున్నాం. ఆ చెత్తంతా లోపలే ఉంది. సేవ్ యాజ్ కొట్టి అదే పేరు ఇచ్చాను. 900 కేబీ. జిప్ చేస్తే 300 చిల్లర. రెండు నిమిషాలు పట్టలేదు. గీత చివరికి వెళ్ళాక ఏదో పొరపాటు జరిగిందనుకుని అందరం ఇంకో నిమిషం స్క్రీన్ వైపే చూశాం.

పంపడం అయ్యాక మాకో సంకేతం ఉండేది. బావ ఫైలు తెరిచి చూసి, బాగుంటే మా ఫోను ఒక్కసారి మోగించి పెట్టేసేవాడు, చెడితే రెండుసార్లు. కాల్ ఎత్తకపోతే ఎవరికీ ఖర్చు లేదు. ఆ రాత్రి ఒక్కసారే మోగింది. మోగిన వెంటనే పైన పెద్దమ్మ ఎత్తేసింది, "ఎవరూ?" అని.

చెప్పుకుంటే సిగ్గు, ఏడాది పాటు తీగలూ చిప్పులూ ఆదేశాలూ అని తిరిగి, 24,000ని 31,200 చేశాను. అంటే మూడో వంతు లాభం కూడా కాదు. ఒక్క సేవ్ యాజ్ పదింతలు ఇచ్చింది. ఆ తర్వాత నేను మోడెంకి ఆదేశాలు రాయడం మానేశాను.

మిగతాది తొందరగానే అయిపోయింది. ఇంటర్నెట్ వచ్చింది. మొదటిసారి అదే ఫైలుని మెయిల్‌లో పంపితే సైజు మూడో వంతు పెరిగింది. మెయిల్‌లో అటాచ్ చేస్తే ప్రతి మూడు బైట్లూ నాలుగు అవుతాయి మరి. అన్న పుస్తకం చూసి పట్టేశాడు: "ఇంటర్నెట్ అన్నావు, నిమిషాలు ఎక్కువైనాయేందప్పా?" తర్వాత సీడీ రైటర్ కొన్నాం. ఒక సీడీ బస్సులో వేస్తే సెకనుకి 37,000 బైట్ల పైనే పడుతుంది, మోడెం కన్నా పదకొండు రెట్లు. డ్రైవర్లు మళ్ళీ మా చుట్టాలయ్యారు. మోడెం అట్టపెట్టెలోకి పోయింది, పుస్తకం దాని మీదకి. నేను 2003లో హైదరాబాద్ వచ్చేశాను. పెద్దమ్మ 2007లో పోయింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డాయి. నేను వెళ్ళేసరికి నాలుగు రోజులైంది. షాపులో నా నడుం ఎత్తున బురద గుర్తు. జిరాక్స్ మెషీన్ వెల్లకిలా పడుంది. మోడెం అట్టపెట్టెని ఎత్తితే అడుగు ఊడి వచ్చింది. పుస్తకం మాత్రం ముద్దగా ఉన్నా విడిపోలేదు. దాన్ని మిద్దె మీద ఎండలో పెట్టి, మధ్యాహ్నానికి పేజీలు ఒక్కొక్కటే విడదీశాం.

బాల్ పెన్ను రాత నిలిచింది, ఇంకు పెన్ను రాత కడుక్కుపోయింది. తేది, సైజు, వేగం, నిమిషాలు అన్నీ ఉన్నాయి. రూపాయలు లేవు, వివరము లేదు. ఆ గడులన్నీ లేత నీలం మరక.

"చూడప్పా, నా లెక్కే కడిగేసింది" అన్నాడు అన్న.

ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చుని పేజీలు తిప్పాం. 19,200 వరసగా మూడు రోజులు కనపడితే నేను ఎలుక అన్నాను, అన్న వాన అన్నాడు. తేది చూస్తే ఏప్రిల్, వాన ఎక్కడిది? ఎలుకే అని ఒప్పుకున్నాడు. 21,600లు ట్యూబ్‌లైటువి. ఒకచోట 31,200 కలిసి, నాలుగు నిమిషాలకే తెగి, మళ్ళీ 31,200 కలిసిన రాత్రి ఉంది. అంత మంచి లైను ఎందుకు తెగిందా అని నేను ఆలోచిస్తున్నాను. అన్న ఆ వరస మీద వేలు పెట్టి, "ఇది అమ్మ" అన్నాడు.